బెంగళూరు మిద్దెపై అజొల్లా: పెంపకం, కోత, జాగ్రత్తలు

నీటిపై తేలుతూ, మేతకూ ఎరువుకూ పనికొచ్చే అజొల్లా మొక్కను పెంచడానికి పెద్ద నేర్పు అక్కరలేదు. నిలిచిన నీరు, కొంచెం మట్టి, కొంచెం పేడ, సగం నీడ ఉంటే అది తనంతట తానే పెరుగుతుంది. నేర్పంతా కోతలో ఉంది. రోజూ కోసి, కోసినదాన్ని ఏదో ఒక పనికి వాడుకోగలిగినవారికే ఈ మొక్క వల్ల లాభం. పది రోజులు పట్టించుకోకుండా వదిలేస్తే పొర మీద పొర పేరుకొని, అడుగు పొర కుళ్ళి, చివరికి కంపు కొట్టే తొట్టి మిగులుతుంది. కాబట్టి తొట్టి కట్టే ముందే, రోజుకు అరకిలో పచ్చి అజొల్లా చేతికి వస్తే దాన్ని ఎవరికి పెడతారో, ఎక్కడ వేస్తారో తేల్చుకోండి. హోసకోటె, దేవనహళ్ళి వైపు సొంత స్థలంలో నాలుగు కోళ్ళనో ఒక ఆవునో పెంచుకుంటున్నవారికి, యలహంకలోనో కృష్ణరాజపురంలోనో మిద్దె తోట పెట్టి ఎరువు కోసం వెతుక్కుంటున్నవారికి ఇది పనికొస్తుంది. కోళ్ళూ లేక, కుండీలూ లేక, కేవలం చూడముచ్చటగా ఉంటుందని పెంచాలనుకునేవారు మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మొక్కను గుర్తుపట్టడం

అజొల్లా పూలు పూయని మొక్క. ఫెర్న్ జాతికి చెందినది. ఒక్కో మొక్క ఒకటి రెండు సెంటీమీటర్ల వెడల్పున ముక్కోణాకారంలో తేలుతూ ఉంటుంది. సన్నని కొమ్మల మీద చిన్న చిన్న ఆకులు చేప పొలుసుల మాదిరిగా ఒకదానిపై ఒకటి కప్పుకొని ఉంటాయి, కింద సన్నని వేర్లు నీటిలోకి వేలాడుతుంటాయి. ప్రతి ఆకుకూ రెండు తమ్మెలుంటాయి. పై తమ్మెలోని చిన్న అరలో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించేది ఈ నాచే. మొక్క విరిగి రెండు ముక్కలైతే రెండూ బతుకుతాయి, ప్రతి ముక్కతోపాటు నాచు కూడా వెళుతుంది. అందుకే నత్రజని ఎరువు వేయకుండానే ఇది మూడు నుంచి అయిదు రోజుల్లో రెట్టింపు కాగలదు. అయితే భాస్వరాన్ని మాత్రం అది గాలి నుంచి తెచ్చుకోలేదు. పెంపకంలో ఎదురయ్యే చిక్కుల్లో సగం ఈ భాస్వరం దగ్గరే మొదలవుతాయి.

విత్తనంగా, అంటే తొట్టిలో తొలిసారి వేయడానికి కొన్ని మొక్కలు తెచ్చుకునేటప్పుడు, నీటిపై తేలే మరికొన్ని మొక్కలతో పొరబడే అవకాశం ఉంది. డక్‌వీడ్ అని పిలిచే లెమ్నా ఆకు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల నున్నని పచ్చని బిళ్ళలా ఉంటుంది, దాని కింద ఒకే ఒక్క వేరు ఉంటుంది. అది పూల మొక్కల వర్గానికి చెందినది, గాలిలోని నత్రజనిని పట్టే నాచు దానికి తోడు లేదు. సాల్వీనియా ఆకులు ఇంకా పెద్దవి, పైన నూగుతో ఉంటాయి. అంతర తామర, గుర్రపు డెక్క అంత చిన్నవి కావు కనుక వాటితో పొరపాటు జరగదు. తొట్టిలో అజొల్లాతోపాటు లెమ్నా చేరితే కోళ్ళకు హాని లేదు గానీ, పేడ నీళ్ళలో అదే త్వరగా పెరిగి అజొల్లాను పక్కకు నెట్టేస్తుంది. కనిపించినప్పుడే చిన్న జల్లెడతో తీసివేయండి.

చోటు, వెలుగు, బరువు

సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు వాతావరణం అజొల్లాకు బాగా నప్పుతుంది. దానికి 20 నుంచి 30 డిగ్రీల వేడి ఇష్టం. 35 దాటితే డస్సిపోతుంది. కడపలోనో నెల్లూరులోనో వేసవిలో తొట్టిని కాపాడుకోవడమే పెద్ద పని కాగా, ఇక్కడ మార్చి చివరి నుంచి మే మధ్య వరకు జాగ్రత్త పడితే మిగిలిన ఏడాదంతా అది సాఫీగా సాగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలికి పెరుగుదల కొంత మందగిస్తుంది, ఆకులు కాస్త ఎర్రబడతాయి. దానికి కంగారు పడనవసరం లేదు.

పూర్తి ఎండలో మూడో వంతు నుంచి సగం దాకా తగిలితే చాలు. చెట్టు నీడ ఉన్న పెరడు దొరికితే మంచిదే గానీ, రాలిన ఆకులు నీటిలో కుళ్ళకుండా రోజూ ఏరవలసి వస్తుంది. మిద్దె మీదైతే 50 శాతం షేడ్ నెట్‌ను నాలుగైదు అడుగుల ఎత్తున కట్టండి. మిద్దె మీద వడగాలి నేరుగా తగులుతుంది కనుక పడమటి వైపు కూడా నెట్‌ను కిందికి దించితే మేలు. గాలి బలంగా వీస్తే మొక్కలన్నీ ఒక మూలకు నెట్టుకుపోయి, అక్కడ మందంగా, మిగతా చోట ఖాళీగా తయారవుతాయి. పిట్టగోడ చాటున పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

బరువు లెక్క చాలామంది వేసుకోరు, వేసుకోవలసినది అదే. వ్యవసాయ కరపత్రాల్లో చెప్పే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టిలో పది సెంటీమీటర్ల లోతు నీరు పోస్తే దాదాపు 220 లీటర్లు పడుతుంది, అంటే 220 కిలోలు. దానికి మట్టి 15 కిలోలు కలపండి. చుట్టూ రెండు వరుసల ఇటుకలు పేర్చితే సుమారు 50 ఇటుకలు, అవే మరో 150 కిలోలు అవుతాయి. మనుషులు తిరిగే మిద్దెను చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువు లెక్కతో కట్టడం మన దేశంలో ప్రమాణం. నీటి వరకైతే ఆ లెక్కకు లోపలే ఉంటుంది గానీ, ఇటుకలు చేరాక హద్దు దాటే అవకాశం ఉంది. అందువల్ల మిద్దె మీద ఇటుకల బదులు చెక్కతోనో, పీవీసీ పైపులతోనో చట్రం చేయించండి. గోడ పక్కన, దూలం మీద వచ్చేటట్టు పెట్టండి. పాత ఇల్లయినా, అద్దె ఇల్లయినా యజమానికి చెప్పకుండా పెట్టకండి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ తొట్లు మూడు నాలుగు పెట్టుకోవడం అన్నిటికన్నా సులువు. ఒకటి పాడైనా మిగిలినవి విత్తనానికి ఉంటాయి.

తొట్టి కట్టడం

నేల మీద పెట్టేవారు ముందు ఆ చోటును సమంగా చదును చేసి, రాళ్ళు, వేళ్ళ మొదళ్ళు తీసివేయండి. ఒక వైపు అంగుళం పల్లంగా ఉన్నా నీరంతా అటే చేరి, ఎత్తుగా ఉన్న వైపు మొక్కల వేర్లు బురదకు అంటుకుంటాయి. ఆరడుగులకు నాలుగడుగుల కొలతతో ఇటుకలు పేర్చి, లోపల పాత గోనె సంచులు పరిచి, దానిపై సిల్పాలిన్ (మందమైన ప్లాస్టిక్ టార్పాలిన్) షీటు వేయండి. అంచులు ఇటుకల మీదుగా బయటికి మడవడానికి తొమ్మిది అడుగులకు ఏడు అడుగుల షీటు కావాలి. పలుచని నల్ల ప్లాస్టిక్ కాగితం ఎండకు కొద్ది నెలల్లోనే పెళుసుబారి చిల్లులు పడుతుంది, డబ్బు మిగలదు.

పొంగు నీటికి ఒక దారి ఇప్పుడే పెట్టండి. బెంగళూరులో ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ ఒక్క గంటలో కుండపోతగా కురిసే వానలకు తొట్టి నిండి పొర్లుతుంది. పొర్లిన నీటితోపాటు మొక్కలు మిద్దె మీది వాన నీటి గొట్టంలోకి, అక్కడి నుంచి వీధి కాలువలోకి, వాన నీటిని మోసే పెద్ద కాలువైన రాజకాలువలోకి, చివరికి ఏదో ఒక చెరువులోకి చేరతాయి. ఈ ఊరి చెరువుల్లో చాలావరకు ఒకదానికొకటి రాజకాలువలతో కలిసి ఉన్నవే. నీటి మట్టానికి రెండంగుళాల పైన గొట్టం పెట్టి, దాని నోటికి దోమతెర గుడ్డను రెండు మడతలుగా గట్టిగా కట్టండి. తొట్టిలో ఏ పని వాయిదా వేసినా ఇది మాత్రం వాయిదా వేయకండి.

మట్టి, నీరు, ఎరువు

జల్లించిన తోట మట్టి 10 నుంచి 15 కిలోలు షీటు మీద సమంగా పరవండి. రెండు కిలోల తాజా పేడను, భాస్వరం కోసం 30 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువును పది లీటర్ల నీటిలో కలిపి, పీచు లేకుండా వడగట్టి పోయండి. ఆ తర్వాత నీటి మట్టం పది సెంటీమీటర్లకు చేరేదాకా నీరు నింపండి. సూపర్ ఫాస్ఫేట్ గింజలు సులువుగా కరగవు, ముందు రాత్రే నానబెట్టుకోండి. రెండడుగుల చిన్న తొట్టికి ఇందులో ఎనిమిదో వంతు చాలు: మట్టి రెండు కిలోలకు కాస్త తక్కువ, పేడ పావుకిలో, సూపర్ ఫాస్ఫేట్ నాలుగు గ్రాములు. నగరం నడిబొడ్డున తాజా పేడ దొరకనివారు వర్మీకంపోస్టును నీటిలో నానబెట్టి వడగట్టి వాడవచ్చు. పెరుగుదల కొంచెం నెమ్మదిగా ఉంటుంది గానీ వాసన ఉండదు, పై అంతస్తువారి ఫిర్యాదులూ ఉండవు. యూరియా మాత్రం వేయకండి. నత్రజని బయటి నుంచి ఎక్కువగా అందితే అజొల్లాకు లాభం లేదు, నీటిలో విడిగా పెరిగే నాచుకూ లెమ్నాకూ బలం చేకూరుతుంది.

నీటి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. కావేరి కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవ ఉంచి వాడాలి. పైగా 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. వేసవిలో ఆ నీటిని తొట్టికి పోయాలనుకోవడం సరికాదు. బోరు నీరు చాలా పేటల్లో సున్నం ఎక్కువగా ఉండే గట్టి నీరు, ఉప్పు కూడా ఎక్కువ. అజొల్లాకు ఉప్పు పడదు. మరీ గట్టి నీరయితే సగం వాన నీరు కలపండి. ఆర్‌ఓ యంత్రం వదిలే వ్యర్థ నీటిని పారబోయడం ఇష్టంలేక తొట్టిలో పోయాలని అనిపిస్తుంది. వడపోతలో మిగిలిన లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి కనుక ఆ నీరు అసలు పనికిరాదు, దాన్ని నేల తుడవడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు ఉండవు, రోజూ ఆవిరై పోయిన మేరకు నింపడానికి అది అనువైనది. అన్నిటికన్నా మేలైనది వాన నీరు. 2009 నుంచి ఈ నగరంలో పెద్ద స్థలాల్లోని ఇళ్ళకు వాన నీటి సంరక్షణ తప్పనిసరి చేశారు కనుక చాలా ఇళ్ళలో ఆ తొట్టె ఇప్పటికే ఉంటుంది.

విత్తనం ఎక్కడిది?

ఈ ప్రశ్నకు సమాధానం తప్పయితే మిగిలిన శ్రమంతా వ్యర్థం. బెళ్ళందూరు, వర్తూరు వంటి చెరువుల అంచున తేలే మొక్కలు ఉచితంగానే దొరుకుతాయి, కానీ అక్కడి నుంచి ఎన్నడూ తేవద్దు. నీటిలోని భారలోహాలను ఒంట్లోకి లాగి నిలవ చేసుకునే శక్తి అజొల్లాకు చాలా ఎక్కువ. మురుగు నీటిని శుభ్రపరచడానికి దాన్ని పరిశీలించింది ఆ గుణం చూసే. అటువంటి నీటిలో పెరిగినదాన్ని కోడికి పెడితే ఆ లోహాలు గుడ్డు దాకా రావచ్చు. నీటిని శుద్ధి చేసిన అజొల్లా మేతకు పనికిరాదు, మేతకు పెంచే అజొల్లాకు మురుగు నీరు తగలకూడదు. ఈ రెండు ఉపయోగాలనూ ఒకే తొట్టిలో కలపాలని చూడకండి.

దొడ్డబళ్ళాపుర తాలూకా హాడోనహళ్ళిలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ దగ్గరి పశువైద్యశాలలోనో, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలో నవంబరు ప్రాంతంలో జరిగే కృషి మేళాలోనో విచారించండి. ఇప్పటికే పెంచుతున్న రైతు దగ్గర తెచ్చుకున్నా మంచిదే. మన దేశంలో సహజంగా ఉండేది అజొల్లా పిన్నేటా. మేత కోసం అజొల్లా మైక్రోఫిల్లా వంటి బయటి రకాలు కూడా చేతులు మారుతున్నాయి. తెచ్చినదాన్ని తడి గోనె గుడ్డలో చుట్టి తీసుకురండి, గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో వేస్తే కొన్ని గంటల్లోనే ఉడికిపోయినట్టు అవుతుంది. ఇంటికి వచ్చాక నేరుగా తొట్టిలో వేయకుండా బకెట్ నీటిలో రెండు మూడు సార్లు జాడించి, నత్తలు, పురుగులు, గూళ్ళు కట్టిన ఆకులు ఏరివేయండి. రెండు రోజులు విడిగా ఉంచి చూశాక, ఆరడుగుల తొట్టికి ఒక కిలో చొప్పున నీటి మీద పలుచగా చల్లి, పైన కొంచెం నీళ్ళు చిలకరించండి. తిరగబడిన మొక్కలు సర్దుకుంటాయి. పది పదిహేను రోజుల్లో తొట్టి నిండుతుంది.

కోత, రోజువారీ పని

తొట్టి పూర్తిగా కప్పుకున్న మరుసటి రోజు నుంచి కోత మొదలుపెట్టాలి, ఇంకా దట్టమయ్యాక చూద్దామని ఆగకూడదు. ఆరడుగుల తొట్టి నుంచి రోజుకు 500 గ్రాముల వరకు తీయవచ్చు. ఉదయం పూట చదరపు సెంటీమీటరు కన్నులున్న జల్లెడతో, ఉపరితలంలో నాలుగో వంతుకు మించకుండా తీసి, మిగిలినదాన్ని చేత్తో మెల్లగా పరచండి. జల్లెడను సగం నీరున్న బకెట్‌పై పెట్టి కడిగితే చిన్న మొక్కలు కన్నుల గుండా జారి బకెట్‌లో పడతాయి. వాటిని తిరిగి తొట్టిలోకి పోస్తే అవే రేపటి పంట. పేడ వాసన పోయేదాకా మరో రెండు నీళ్ళతో కడగాలి, లేకపోతే పశువు మూతి తిప్పుకుంటుంది.

అయిదు రోజులకొకసారి ఒక కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ కలిపి వడగట్టి పోయండి. పది రోజులకొకసారి నాలుగో వంతు నీరు తీసి కొత్త నీరు నింపండి. తీసిన నీరు కుండీలకు చక్కని ఎరువు, గుడ్డతో వడగట్టి పోయండి. నెలకొకసారి అయిదు కిలోల మట్టి మార్చండి. ఆరు నెలలకు అంతా ఖాళీ చేసి, షీటు కడిగి, మళ్ళీ మొదలుపెట్టండి. ఊరెళ్ళవలసి వస్తే, సంక్రాంతికి వారం పది రోజులు ఇల్లు తాళం వేసే మనవారికి ఇది తప్పదు కనుక, బయలుదేరే ముందు సగానికి పైగా కోసేసి, ఎరువు వేయకుండా వెళ్ళండి. ఆకలిగా ఉన్న తొట్టి నెమ్మదిగా పెరుగుతుంది, కుళ్ళదు. ఒక చిన్న తొట్టిలో కొంత విత్తనం విడిగా దాచి ఉంచితే ఇంకా నిశ్చింత.

దోమల సంగతి దాచకూడదు. నీటిని సందు లేకుండా కప్పిన అజొల్లా దోమలు గుడ్లు పెట్టడానికీ, పిల్ల పురుగులు పైకి వచ్చి ఊపిరి తీసుకోవడానికీ అడ్డుపడుతుంది. ఆ మాట నిజమే గానీ, సందు లేకుండా అన్నదే అక్కడ ముఖ్యం. కోత తర్వాత ఒక మూల ఖాళీగా వదిలితే అదే దోమల తొట్టి. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల చట్టం పరిధిలోకి తెచ్చి, నీరు నిలవ ఉంచి దోమలకు తావిచ్చేవారికి జరిమానా నిబంధన పెట్టింది. తొట్టికి దోమ పిల్లలను తినే గప్పీ చేపలు నాలుగైదు వేయండి, మూలలను రోజూ చూడండి, విత్తనం వేసిన తొలి రెండు వారాలు తొట్టిపై దోమతెర కప్పండి.

రంగు చెప్పే కబురు

ఆరోగ్యంగా ఉన్న అజొల్లా లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఎరుపు కనిపించినప్పుడు ఒక మొక్కను పైకి తీసి వేర్లు చూడండి. వేర్లు మామూలుగా ఉండి పైన మాత్రమే ఎర్రబడితే అది ఎండవల్లనో చలివల్లనో అనుకోవచ్చు, ఎండవల్లయితే నీడ పెంచితే సరిపోతుంది. మొక్క చిన్నదై, ముదురు ఎరుపు తిరిగి, వేర్లు పొడవుగా పెరిగి చిక్కుపడి ఉంటే అది భాస్వరం లోపం, సూపర్ ఫాస్ఫేట్ వేయవలసిందే. నీరు పోసిన తర్వాత పసుపు తిరిగితే నీటి ఉప్పును అనుమానించండి. గోధుమ రంగు మచ్చలు వచ్చి మెత్తబడుతుంటే అది వేడికి దట్టంగా పేరుకున్న చోట వచ్చే కుళ్ళు. అక్కడికక్కడ తీసేసి, మిగిలినదాన్ని పలుచన చేయండి.

ఆకులను సన్నని దారంతో అల్లి లోపల దాగే గొంగళి పురుగులు ఒక్క రాత్రిలో కనబడవు గానీ వారంలో తొట్టిని నాశనం చేయగలవు. కొన్ని కరపత్రాల్లో కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళికలు వేయమని ఉంటుంది. పొలంలో విత్తనపు మడికి రాసిన సలహా అది. కోడికి, ఆవుకు పెట్టే తొట్టిలో అటువంటి విషం వేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. పురుగు పట్టిన భాగాన్ని తీసి కంపోస్టు గుంటలో లోతుగా పూడ్చి, తొట్టిని ఖాళీ చేసి ఎండబెట్టి, దాచిన విత్తనంతో మళ్ళీ మొదలుపెట్టండి. మూడు వారాల్లో మామూలు స్థితికి వస్తుంది.

ఎవరికి ఎంత పెట్టాలి?

అజొల్లా గురించి వినిపించే గొప్పలను ఇక్కడ లెక్కతో సరిచూసుకోవాలి. ఎండు బరువులో మాంసకృత్తులు 20 నుంచి 30 శాతం దాకా ఉంటాయి, లైసిన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం కూడా బాగానే ఉంటుంది. అయితే పచ్చి మొక్కలో 94 శాతం నీరే. రెండు కిలోల పచ్చి అజొల్లాలో ఎండు పదార్థం సుమారు 120 గ్రాములు, అందులో మాంసకృత్తులు సుమారు 30 గ్రాములే. దాదాపు 65 గ్రాముల వేరుశనగ చెక్కలోనూ అంతే మాంసకృత్తులు ఉంటాయి. దాణా ఖర్చు సగం అవుతుందని ఎవరైనా చెబితే ఈ లెక్క గుర్తుంచుకోండి. ఆవుకు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల వరకు, దాణాతో సమానంగా కలిపి పెట్టవచ్చు. ఖనిజాలు, విటమిన్లు అందుతాయి, పచ్చిమేత దొరకని వేసవిలో ఆసరా అవుతుంది. ఒక్క ఆవుకు అంత కావాలంటే ఆరడుగుల తొట్లు నాలుగు కావాలి. మొదటి వారం గుప్పెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. దాణా మానేసి దీన్నే పెట్టడం తగదు.

పెరటి కోళ్ళ విషయంలో మాత్రం దీని విలువ ఎక్కువని నేననుకుంటాను. నగరంలో కట్టేసి పెంచే కోడికి పచ్చిదనం దొరకదు. రోజూ కోడికి గుప్పెడు అజొల్లాను తవుడులోనో దాణాలోనో కలిపి పెడితే పచ్చసొన రంగు ముదురుతుంది. అందులోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలే అందుకు కారణం. కోడిపిల్లలకు పెట్టకండి, నీరు ఎక్కువ కనుక కడుపు నిండినా బలం అందదు. మనుషులు తినవచ్చునా అని అడిగేవారున్నారు. పేడ నీటిలో పెరిగినదాన్ని తినవద్దనే చెబుతాను.

మిద్దె తోటకు వాడుక ఇంకా తేలిక. కోసిన అజొల్లాను కుండీల్లో మట్టి మీద అంగుళం మందాన పరిచి, పైన కొంచెం మట్టి చల్లితే త్వరగా కుళ్ళి నత్రజనిని అందిస్తుంది. ఎండు బరువులో మూడు నుంచి అయిదు శాతం నత్రజని ఉంటుంది కనుక ఎండుటాకుల కంపోస్టులో కలిపితే ఆ కుప్ప త్వరగా మాగుతుంది. ఎండబెట్టి దాచాలనుకుంటే నీడలో పలుచగా ఆరబోయండి, ఇరవై కిలోలకు కిలోకు కొంచెం ఎక్కువ మిగులుతుంది.

చెరువుకు దూరంగా

వరి పొలంలో ఈ మొక్క చేసే మేలు పాతకాలం నుంచి తెలిసినదే. చైనా, వియత్నాం రైతులు శతాబ్దాల నుంచి నారుమడితోపాటు దీన్ని పెంచారు. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ 1970ల్లో దీనిపై విస్తృతంగా పని చేసింది. పొలంలో నీటిని కప్పి కలుపును అణచి, తర్వాత బురదలో కలిసి నత్రజనిని ఇస్తుంది. ఇంకా వెనక్కి వెళితే, సుమారు 4 కోట్ల 90 లక్షల ఏళ్ళ నాడు ఆర్కిటిక్ సముద్రపు పై పొర మంచినీటిగా మారినప్పుడు అజొల్లా దాన్ని కప్పేసి, తరతరాలుగా అడుగుకు చేరి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును సముద్రగర్భంలో పాతిపెట్టిందని 2004లో అక్కడ జరిపిన తవ్వకాలు తెలిపాయి. అంతటి పెరుగుదల గలదాన్ని ఊరి చెరువులోకి వదిలితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. దట్టమైన పొర వెలుగును ఆపుతుంది, నీటిలో మొక్కలు చస్తాయి, గాలి కలవక ప్రాణవాయువు తగ్గి చేపలు ఊపిరాడక పోతాయి. నీటిలోని భాస్వరాన్ని అది పీల్చుకుంటుంది నిజమే. కానీ ఎవరూ తీయకపోతే చచ్చి అడుగుకు చేరి ఆ భాస్వరాన్ని తిరిగి నీటికే ఇచ్చేస్తుంది.

దక్షిణాఫ్రికాకు అలంకారం కోసం తెచ్చిన అజొల్లా ఫిలిక్యులాయిడిస్ అక్కడి జలాశయాలను కప్పేస్తే, 1997లో దాన్ని తినే ముక్కు పురుగును వదిలి అదుపు చేయవలసి వచ్చింది. దాని బంధువైన సాల్వీనియాతో బెంగళూరుకూ ఆ అనుభవం ఉంది. 1983-84లో ఇక్కడి ఒక కలువ కొలనును సాల్వీనియా కమ్మేస్తే, బ్రెజిల్‌కు చెందిన ముక్కు పురుగును అందులో వదిలారు. 11 నెలల్లో సాల్వీనియా కుప్పకూలి, అణగిపోయిన కలువలు మళ్ళీ పెరిగాయి. అజొల్లాకు అటువంటి విరుగుడు మీ వీధి చివరి చెరువులో సిద్ధంగా లేదు కనుక, ఎక్కువైనదాన్ని కాలువలోనో, పార్కు కొలనులోనో, వినాయక నిమజ్జనం కోసం కట్టిన కల్యాణి అనే కొలనులోనో వేయడం పొరపాటున కూడా చేయకండి.

తొట్టి ఎత్తివేయదలచిన రోజున ముందు మొక్కలన్నీ జల్లెడతో తీసి, మిద్దె మీద పలుచగా పరిచి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా నాలుగైదు రోజులు మంచి ఎండలో ఎండబెట్టి, తర్వాతే కంపోస్టులో వేయండి. మిగిలిన నీటిని మడత గుడ్డతో వడగట్టి కుండీలకు పోయండి, గప్పీ చేపలను పెంచుకునేవారికి ఇచ్చేయండి, అడుగు మట్టిని చెట్ల మొదట్లో వేయండి. షీటును రెండు వైపులా కడిగి, కడిగిన నీటిని కూడా మట్టిలోనే పోసి, పూర్తిగా ఆరిన తర్వాత మడిచి పెట్టండి. తడి మడతల్లో చిక్కుకున్న చిన్న ముక్క కూడా బతికే ఉంటుంది.